అడగకముందే తెచ్చే పెట్టె

చింతూరులో ఎవరింట్లో ఏం అడగబోతున్నారో ఆ ఇంటివాళ్ళకంటే ముందు సింహాద్రికి తెలిసిపోయేది. తెలిసి బాగుపడ్డాడా అంటే, ఆ కథే ఇది.

సింహాద్రి ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు. డిష్ కేబుళ్ళ రోజుల్లో స్తంభాలెక్కడం మొదలుపెట్టాడు, ఇప్పుడు అదే కేబుల్ ఆఫీసులో ఇంటర్నెట్ లైన్లు చూస్తున్నాడు. వెంట్రుకలాంటి గాజుపోగులు రెండు తీసుకుని, మిషన్లో పెట్టి, అతుకు కనపడకుండా అతికించగలడు. అయినా ఊళ్ళో ఆఫీసర్లకీ టీచర్లకీ అతను "ఏయ్ కేబులూ"నే. పేరు పెట్టి పిలిచినవాడు లేడు. ఆ మంట అతని కడుపులో ఎప్పుడూ ఉండేది.

ఊరికొచ్చే లైను ఒక్కటే. ఘాట్ రోడ్డు పక్కనుంచి పాక్కుంటూ వస్తుంది. రోడ్డు వెడల్పు చేస్తున్నామని జేసీబీవాడు గోతి తవ్వినప్పుడల్లా అది తెగుతుంది. తెగనప్పుడు కూడా నత్తనడకే. ఫోన్లో ఏదైనా నొక్కి, ఆ గుండ్రం తిరుగుతుంటే పొయ్యిమీద పాలు పొంగించుకొచ్చి మళ్ళీ చూసుకునేవాళ్ళు జనం. అలాంటి ఊరు కావాలనే వెతుక్కుంటూ ఒక ప్రయోగశాలవాళ్ళు వచ్చారు. వాళ్ళ తరఫున వచ్చినావిడ పేరు హేమనళిని. బీరువా సగమంత పెట్టె ఒకటి తెచ్చి కేబుల్ ఆఫీసు వెనక గదిలో బిగించింది.

"సింహాద్రి గారూ, మీకు తెలీనిదేం కాదు," అంది. గారూ అన్న మొదటి మనిషి ఆవిడే. "మీరు ఫోన్లో ఒక పేజీ నొక్కుతారు. ఫోను ముందు ఆ పేజీ పేరు చెప్పి దాని నంబరు కనుక్కోవాలి. ఆ నంబరున్న కంప్యూటరు ఏ ముంబయిలోనో ఉంటుంది. అది పేజీని ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద మీ ఇంటి నంబరు వేసి వదుల్తుంది. ఒక ముక్క దారిలో తప్పిపోయిందనుకోండి, మళ్ళీ పంపించుకోవాలి. అన్నీ చేరాక మీ ఫోన్లో అతుక్కుని పేజీ అవుతుంది. అంత దూరమూ వచ్చి, చివరికి మీ ఇరుకు దారి దగ్గర నిలబడిపోతున్నాయి."

"ఆ ఇరుకు దారి కూడా జేసీబీ ఆయన దయ ఉంటేనే లెండి."

ఆవిడ నవ్వి, కిటికీలోంచి ఎదురుగా ఉన్న టిఫిన్ బండి చూపించింది. "మీరు బండికి స్టాండు వెయ్యగానే ఆయన పెసరట్టు పోసేస్తున్నాడు. మీరు అడిగారా?"

"రోజూ అదే గదండీ తింటాను."

"ఈ పెట్టె కూడా అంతే. వేరే ఊళ్ళలో లక్షల ఇళ్ళు ఏది అడిగాక ఏది అడిగాయో దీనికి నేర్పాం. మిక్సీ రిపేరు గురించి అడిగిన ఇల్లు తర్వాత కొత్త మిక్సీ ధర అడుగుతుంది. పిల్లాడికి దద్దుర్లని అడిగిన ఇల్లు డాక్టరు నంబరు అడుగుతుంది. లైను ఖాళీగా ఉన్నప్పుడే అవన్నీ తెచ్చి ఇక్కడ పెట్టుకుంటుంది. వాళ్ళు నొక్కేసరికి పక్క వీధిలోంచి వచ్చినట్టు వచ్చేస్తుంది."

పెట్టెకొక చిన్న తెర ఉంది. ఏ నంబరు ఇంటికి ఏం తెచ్చి పెట్టిందో అందులో కనపడుతుంది. "రిపేరప్పుడు మా కోసం అది. మీరు తెరవొద్దు," అంది నళిని. "పేర్లుండవు, నంబర్లే. కానీ ఏ నంబరు ఎవరిదో మీకు నోటికొచ్చు గదా."

"ఊళ్ళోవాళ్ళ గోల నాకెందుకు మేడం," అన్నాడు సింహాద్రి. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాడు.

పెట్టె పెట్టాక ఊరు మారిపోయింది. వేలు ఆనీ ఆనకముందే పేజీ ప్రత్యక్షం. జనం దానికి జోస్యం పెట్టె అని పేరు పెట్టారు. నళిని కారెక్కి వెళ్ళిన వారానికే సింహాద్రి తెర తెరిచాడు.

మొదట మెడికల్ షాపు ఆయన ఇల్లు చూశాడు. బట్టతలకి జుట్టు నాటించుకోవడానికి హైదరాబాదులో ఎంతవుతుందో పెట్టె తెచ్చి పెట్టుకుని సిద్ధంగా ఉంది. సింహాద్రి టీకొట్టు దగ్గర ఒక్కడికే చెప్పాడు. సాయంత్రానికి సెంటరంతా పాకింది. "ఏవండీ, ఈ ఏడు నాట్లు ఎప్పుడేస్తున్నారు?" అని టాబ్లెట్ల కోసం వెళ్ళిన ప్రతివాడూ అడిగాడు. ఆ పెద్దమనిషి మొహం మాడ్చుకుని టోపీ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. సింహాద్రి టీ గ్లాసు చాటున నవ్వుకున్నాడు. తనని ఏయ్ అని పిలిచినవాళ్ళ కడుపుల్లో ఏముందో ఇప్పుడు తనకి తెలుసు. వాళ్ళు ఎదురొస్తే తల వంచుకోకుండా చూడటం నేర్చుకున్నాడు. అదొక మర్యాద అనుకున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే అతనికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

ఇక ఇంటి సంగతి. భార్య పేరు మంగతాయారు. కూతురు కాకినాడలో నర్సింగ్ చదువుతూ హాస్టల్లో ఉంది. తాయారు ఒకసారి అతనికి అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఏవండీ, ఈ ఇంటర్నెట్ అనేది ఎక్కడుంటది? మీరు తీగలు కలుపుతారు గదా, ఆ తీగ చివరేముంటది?"

"ఇంకో తీగ ఉంటది. కూర వెయ్యి."

ఆవిడ కూర వేసింది. మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకి చెవుల్లో పెట్టుకునే వైర్లు కొనుక్కుంది. మధ్యాహ్నం పని అయ్యాక గోడకి చేరబడి ఫోను చూస్తూ కూర్చునేది. అతని బండి చప్పుడు వినపడితే ఫోను బోర్లా పెట్టేది. ఒక రోజు ఊరుకున్నాడు, ఇంకో రోజు ఊరుకున్నాడు. ఊరందరి లోపలా చూడటం అలవాటైన కంటికి సొంత ఇంట్లో బోర్లా పడుకున్న ఫోను నలుసులా గుచ్చుకుంది. మనుషులెవరినీ అడిగే విషయం కాదు గనక, దొడ్లో నిలబడి తన ఫోన్నే ఏవో అడిగాడు. అది చెప్పినవన్నీ చదివి, ఏమీ పాలుపోక జేబులో పెట్టేసుకున్నాడు. అడిగానన్న సంగతే మర్చిపోయాడు.

ఆ వారంలోనే, తెరలో వేళ్ళు ఆడిస్తూ ఆడిస్తూ, సొంత ఇంటి నంబరు దగ్గర ఆగాడు.

విడాకులకు కావలసిన కాగితాలు. భరణం ఎలా లెక్క వేస్తారు. విడిగా ఉండే భార్యకి ఇంట్లో హక్కు. మూడు పేజీలూ తెచ్చి పెట్టుకుని, ఎప్పుడు అడుగుతారా అని పెట్టె ఎదురుచూస్తోంది.

కుర్చీ కూడా వెతుక్కోకుండా కేబుల్ చుట్టల మీద కూర్చుండిపోయాడు. ఇంటికి వెళ్ళి అడగొచ్చు. ఇంట్లో ఉన్నదే ఇద్దరు. ఆ పని మాత్రం చెయ్యలేదు. పెద్దల్లో పెట్టాడు.

ఆదివారం పొద్దున్న వచ్చారు పెద్దలు. కేబుల్ ఆఫీసు యజమాని చిట్టిబాబు గారు, కూనవరం నుంచి తాయారు అన్నయ్య వెంకటరత్నం, వాళ్ళ వెంట మాట సాయానికి ఇద్దరు. తాయారుకి విషయం తెలీదు. అన్నయ్య వచ్చాడని మురిసిపోయి పప్పు ఎక్కువ పోసింది. అందరికీ టీ ఇచ్చి, ఖాళీ గ్లాసులు తియ్యబోతుంటే వెంకటరత్నం ఆపాడు.

"ఉండవే. ఏంటి, విడాకులు కావాలంటున్నావంట?"

ఆవిడ అన్నయ్య వైపు చూసి, మొగుడి వైపు చూసింది. "ఎవరన్నారు?"

"నువ్వు అనక్కర్లేదు," అన్నాడు సింహాద్రి. "నువ్వు అడగబోయేది మిషను ముందే తెచ్చి పెట్టింది. నా కళ్ళతో చూశాను."

"నేనేం అడగలేదు."

"అడుగుతావు. అదింతవరకూ తప్పలేదు. కావాలంటే మెడికల్ షాపు ఆయన్ని అడుగు."

నలుగురిలో ఎవరో కిసుక్కుమన్నారు. వెంకటరత్నం చెయ్యి చాపాడు. ఆవిడ ఫోను ఇవ్వలేదు, అతనే తీసుకున్నాడు. ఆవిడ చూస్తున్న వీడియో ఆగినచోటినుంచి మొదలైంది. బోర్డు ముందు ఒక అమ్మాయి సుద్దముక్కతో గీతలు గీస్తోంది.

"నమస్తే అక్కలూ. ఇంటర్నెట్టూ, వెబ్బూ ఒకటే అనుకుంటాం. కాదు. రోడ్డు వేరు, రోడ్డు మీద తిరిగే బస్సు వేరు. తీగలూ మిషన్లూ అన్నీ కలిపి రోడ్డనుకోండి..."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక చిట్టిబాబు గారు పొట్ట పట్టుకుని నవ్వారు. "ఏవమ్మా తాయారూ, కేబులాయన్ని ఇంట్లో పెట్టుకుని ఈ పాఠాలేంటమ్మా? స్తంభం ఎక్కుతావా ఏంటి?"

మిగతావాళ్ళూ నవ్వారు. తాయారు మొహం కందిపోయింది. దొంగతనంగా చదువుకుంటున్న చదువు నలుగురు మగాళ్ళ చేతుల్లో తిరుగుతోంది. ఇక్కడైనా సింహాద్రి ఆగిపోవాల్సింది. ఆగితే తను తెరిచిన తెర, పిలిచిన పెద్దలు, తాగిన టీలు అన్నీ తన మెడకే చుట్టుకుంటాయి. ఆ భయానికి ఇంకో అడుగు ముందుకేశాడు.

"అవి పైకి. అసలువి వేరే ఉన్నాయి. మిషను అబద్ధమాడదు బావా."

పదో తరగతి పాసైన వెంకటరత్నానికి మిషను మాట మీద గొప్ప గురి. చెల్లెలి మాట మీదకంటే ఎక్కువ. "నిజం చెప్పవే," అన్నాడు.

"చెప్పాను గదా," అంది తాయారు. కాసేపటికి, కొన్నాళ్ళు మా ఇంట్లో ఉంచుకుని బుద్ధి చెబుతానని అన్నయ్య తేల్చాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి స్టవ్వు ఆపి, ఉడికిన పప్పు మెదిపి, ఉప్పేసి, మూత పెట్టింది. తర్వాత నాలుగు చీరలు సంచీలో పెట్టుకుని కారెక్కింది. ఆ పప్పు సింహాద్రి రెండు పూటలా తిన్నాడు. ఉప్పు సరిగ్గా సరిపోయింది.

కాకినాడనుంచి కూతురు ఫోను చేసింది. "అమ్మని ఏమన్నావు నాన్నా?" అతను జరిగింది చెప్పాడు. "మిషను చూసి చెప్పావా?" అంది. ఆ తర్వాత అతను ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

నళిని మళ్ళీ వచ్చింది. పెట్టె ఊహించినవి ఎన్ని సరిపోయాయి, ఎన్ని తప్పాయి చూసుకోవడానికి. సింహాద్రి పక్కన నిలబడి స్క్రూడ్రైవర్ అందిస్తున్నాడు. ఆవిడ తెర చూస్తూ ఒకచోట ఆగింది.

"ఇది చూడండి, మా పెట్టె బోల్తా పడ్డ ఇల్లు. విడాకుల పేజీలు మూడు తెచ్చింది. ఎవరూ అడగలేదు. ఒక్కసారి కూడా."

సింహాద్రికి నంబరు చూడకుండానే ఏ ఇల్లో తెలిసింది. "మరెందుకు తెచ్చింది మేడం?"

"వెనక్కి వెళ్తే కారణం కనపడుతుంది." ఆవిడ నొక్కింది. కరెంటు మీటరు రీడింగు చదివినట్టు పైకే చదివింది. "భార్య ఫోన్లో ఏం చూస్తుందో తెలుసుకోవడం ఎలా. భార్య మనసు వేరేవాళ్ళ మీద ఉందని గుర్తుపట్టే లక్షణాలు. భార్య ఫోను తాళం ఆమెకి తెలీకుండా తియ్యడం ఎలా." ఆగి, తల ఆడించింది. "ఎవరో మహానుభావుడు. ఇలాంటివి అడిగిన ఇళ్ళు తర్వాత ఎటు పోతాయో పెట్టె నేర్చుకుంది గదా. కోర్టుకి పోతాయి. అందుకని ఆ పేజీలు ముందే తెచ్చిపెట్టింది."

దొడ్లో గోడవైపు తిరిగి నిలబడి తను నొక్కిన అక్షరాలు అవి. పరాయి ఆడమనిషి గొంతులో వింటుంటే ఒంటి మీద బట్ట లేనట్టనిపించింది.

"ఎవరడిగారో దానికి తెలీదా?" అన్నాడు, తెలిసే.

"ఎలా తెలుస్తుంది? ఇంట్లో నాలుగు ఫోన్లున్నా రౌటరు దాటి బయటికి వచ్చేది ఒక్క నంబరే. బయటినుంచి చూస్తే ఇల్లంతా ఒకటే మనిషి. మీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. కొత్త కనెక్షన్ ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ ఆ ముక్క అతనే చెబుతాడు, లోపల ఎంతమందైనా వాడుకోండి, బయటికి మీరంతా ఒక్కరే అని. చెబుతూనే ఉన్న ముక్క సొంత ఇంటి దగ్గరకొచ్చేసరికి గుర్తు రాలేదు. ఇంట్లో తను కూడా ఒక మనిషినేనని, అడిగినవాడు తనే కావచ్చని, తట్టనే లేదు. దొంగ ఎవరా అని చూసినప్పుడు మనం మనల్ని లెక్కపెట్టుకోం.

"ఆ నంబరు ఎవరిదో నాకు చెప్పొద్దు," అంది నళిని, అతని మొహం చూసి.

"మాదే మేడం."

ఆవిడ వెంటనే తెర మూసేసింది. మూసినా చదివింది చదివినట్టే ఉంది ఇద్దరి మధ్యా. "మీరు తెరిచారన్నమాట," అంది. తిట్టినట్టు అనలేదు. తర్వాత జరిగిందంతా అతను చెప్పుకొచ్చాడు. మెడికల్ షాపు నాట్లు మొదలుకుని పప్పు దాకా. ఆవిడ నేల చూస్తూ వింది.

"మేం లెక్క వేసింది పేజీ ఎంత తొందరగా వస్తుందనే. పెట్టె ఊహని మనుషులు సాక్ష్యంగా వాడుకుంటారని మాలో ఒక్కరికీ తోచలేదు. అందరం చదువుకున్నవాళ్ళమే." స్క్రూడ్రైవర్ కోసం చెయ్యి చాపింది. "దీన్ని తీసేస్తాను. మావాళ్ళు ఒప్పుకోరు, అయినా తీసేస్తాను."

తీసేసింది. మర్నాటినుంచి ఫోన్లలో గుండ్రాలు మళ్ళీ తిరిగాయి. ఊరు ఊరంతా సింహాద్రిని తిట్టింది. అతనికి ఆ తిట్లు బాగానే అనిపించాయి. అవి వేరే దేనికో అయినా, పడాల్సిన మనిషికే పడుతున్నాయి.

చిట్టిబాబు గారి దగ్గరికి వెళ్ళి, ఆ రోజున్న నలుగురూ కూనవరంలో కలవాలన్నాడు.

"పిచ్చా నీకు? ఓ మంచి చీర పట్టుకెళ్ళి పిల్చుకొచ్చుకో. మళ్ళీ పంచాయితీ దేనికి?"

"నలుగురిలో అన్నాను గదండీ. నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి."

వెంకటరత్నం ఇంటి వరండాలో కుర్చీలేశారు. తాయారు లోపల గుమ్మం పక్కన ఉంది, కొంగు అంచు మాత్రం కనపడుతోంది. సింహాద్రి కూర్చోలేదు. పెట్టె పొరపాటు చేసిందనీ, తాయారు ఏమీ అడగలేదనీ చెప్పాడు. అక్కడితో అందరి మొహాలూ విచ్చుకున్నాయి.

"నే చెప్పలా?" అన్నారు చిట్టిబాబు గారు. "మిషను చేసిన మాయ."

"పోన్లే బావా," అన్నాడు వెంకటరత్నం, మొన్న మిషను మాట నమ్మింది తను కానట్టు. "నీ తప్పేముంది ఇందులో? మొగుడన్నాక ఆ మాత్రం అనుమానం ఉంటది. ఏమే తాయారూ, కాఫీ పట్రా."

ఎంత సుఖంగా ఉందో ఆ మాట. తల ఊపితే చాలు. కాఫీ తాగి, భార్యని వెంటబెట్టుకుని సాయంత్రం బస్సెక్కొచ్చు. సింహాద్రి గుమ్మం పక్కన కొంగు అంచు చూశాడు. అది కదల్లేదు.

"మిషను చెయ్యలేదు బావా. దాన్ని అటు తోలింది నేను." తను ఫోన్ని అడిగినవి మూడూ, అడిగిన మాటలతోనే, ఒకటి తర్వాత ఒకటి పైకి చెప్పాడు. మూడోది చెప్పేటప్పుడు చిట్టిబాబు గారు గోడ మీద క్యాలెండరు వైపు తిరిగారు. వెంకటరత్నం "ఇంక చాల్లే" అన్నాడు. అతను ఆపలేదు. ఊరివాళ్ళవి తెరిచి చూసిందీ చెప్పాడు. ఈసారి ఎవరికీ నవ్వడానికి ఏమీ దొరకలేదు.

తాయారు గుమ్మంలోకి వచ్చింది. "మీరంతా కాస్త అటు అరుగు మీద కూర్చోండి అన్నయ్యా," అంది. ఆవిడ అలా చెప్పడం ఎవరూ వినలేదు ఎప్పుడూ. లేచి వెళ్ళారు.

"ఆ పేజీలు చూసిన రోజు ఇంటికొచ్చారు. అన్నం తిన్నారు. అప్పుడు నన్నెందుకు అడగలేదు?"

"అబద్ధం చెబుతావనుకున్నాను."

"అంతేనా?"

"నిజం చెబుతావేమోనని కూడా."

ఆవిడ తలుపు చెక్కని గోటితో గీకుతూ నిలబడింది. "ఇప్పుడు నా మనసులో ఏముందో చూసే వచ్చారా?"

"పెట్టె తీసేశారు. ఉన్నా చూడను."

"ఉంటే చూసేవారు," అంది, కోపంగా కాదు. కాదని అనాలని నోటిదాకా వచ్చింది, అనలేకపోయాడు. ఆవిడ అది గమనించింది.

"మరి ఇప్పుడు అడగండి."

పాతికేళ్ళ కాపురంలో ఆవిడని తను ఏదైనా అడిగాడో లేదో గుర్తు లేదు. చెప్పాడు, కసిరాడు, పిలిచాడు. "ఇంటికొస్తావా?" అన్నాడు.

"ఆలోచించుకుంటాను."

"ఎప్పటికి..."

"అది అడక్కండి. తెలిస్తే నేనే చెబుతాను." లోపలికి వెళ్ళింది. కాఫీ తేలేదు.

చిట్టిబాబు గారు కార్లో రమ్మన్నారు గానీ అతను బస్సుకే వెళ్ళాడు. మధ్యాహ్నం బస్సు, ఖాళీ లేదు. పక్కన ఒకావిడ పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఫోను తీసింది. ఏదో రాస్తోంది, చెరిపి మళ్ళీ రాస్తోంది. తెర వెలుగు అతని మోచేతి మీద పడింది. మెడ తిప్పక్కర్లేదు, కాస్త కళ్ళు వాలిస్తే చాలు.

సింహాద్రి లేచి నిలబడ్డాడు. "ఏవయ్యా, ఎక్కడ దిగుతావు?" అన్నాడు కండక్టరు. చింతూరన్నాడు. "దానికింకా చాలా దూరం ఉంది గదా, కూర్చో." పర్లేదన్నాడు. పైన కమ్మీ పట్టుకుని, కళ్ళు రోడ్డుకేసి పెట్టుకుని, చింతూరు దాకా నిలబడే వెళ్ళాడు.